పాత అంకె కనబడేలా కొట్టాలి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చిలకలపూడిలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది దయతో పడేసే ముష్టి కాదు, హక్కు అని తేల్చింది. ఏటా మనం కలుసుకునేది ఆ తీర్పును తలుచుకోవడానికే. ఈ రోజున ఎవరో ఒకరు డీఆర్ బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడటం ఆనవాయితీ. కార్యదర్శిగారు ఈసారి నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నారు. "పిల్లలంతా సాఫ్ట్‌వేరు అంటున్నారు, వాళ్ళు చేసే పని ఏమిటో ఒక్క ముక్కయినా మాకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. ఒక్క ముక్కే చెబుతాను. కంప్యూటరులో వందల ఫైళ్ళున్నప్పుడు, వాటన్నిటిలోనూ ఒక మాటను వెతికి, దాని స్థానంలో మరో మాట పెట్టడం ఎలా? చూడ్డానికి చిన్న పనే. దీనివల్ల ఒక కుటుంబానికి రెండు నెలలు అన్యాయం జరిగింది. చేసింది నేనే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను 1972లో గుమస్తాగా చేరాను. మొదటి రోజునే మా సూపరింటెండెంటుగారు నాకు ఒక పాఠం చెప్పారు. "ఏమయ్యా, రిజిష్టరులో తప్పు రాశావనుకో. రబ్బరుతో చెరపకూడదు. బ్లేడుతో గీకకూడదు. తప్పు మీదే దిద్దకూడదు. పాత అంకె చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టి, పైన కొత్త అంకె వేసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. రేపు ఎవరైనా అడిగితే ఏది ఉండేది, ఏది అయ్యింది, ఎవరు చేశారు అన్న మూడూ ఆ కాగితమే చెప్పాలి" అన్నారు. మీలో చాలామందికి ఈ పాఠం మీమీ ఆఫీసుల్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

1977 నవంబరు 19 ఉప్పెన తరవాత ఇంకో పాఠం నేర్చుకున్నాం. దివిసీమ నుంచి వచ్చిన తడిసిన రిజిష్టర్లను పేజీ పేజీ విడదీసి ఎండబెట్టాం. సిరా కరిగిపోయిన పేజీలకు దిక్కు లేదు. నకలు వేరే చోట ఉన్న రిజిష్టర్లు మాత్రం బతికాయి. రెండో ప్రతి అదే బీరువాలో ఉంటే అది ప్రతి కిందకు రాదని ఆనాడు అర్థమయింది. ఈ రెండు పాఠాలూ గుర్తుంచుకోండి. మళ్ళీ వీటి దగ్గరకే వస్తాను.

తరవాత మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానిలో నడిచేది యూనిక్స్. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన వ్యవస్థ ఇది. దీని నిర్మాణం మన కొబ్బరికాయ లాంటిది. లోపల ఉన్న కొబ్బరి అసలు యంత్రాన్ని నడిపే భాగం. దానికి కెర్నెల్ అని పేరు. పైన ఉన్న చిప్ప షెల్. మనం నేరుగా కొబ్బరితో మాట్లాడలేం. చిప్పకు చెబితే అది లోపలికి చేరవేస్తుంది. రోజూ చెప్పే ఆదేశాలను వరసగా ఒక కాగితం మీద రాసి, "ఇదిగో, దీని ప్రకారం చెయ్యి" అని షెల్ చేతికిస్తే, ఆ కాగితమే షెల్ స్క్రిప్టు. ఆఫీసు ఆర్డరు లాంటిది. ఒకసారి రాస్తే వెయ్యిసార్లు నడుస్తుంది. తప్పు రాస్తే తప్పు కూడా వెయ్యిసార్లు నడుస్తుంది.

మాటలు వెతికి మార్చడానికి యూనిక్స్‌లో రెండు పనిముట్లు ముఖ్యం. మొదటిది గ్రెప్. ఇది వెతికేవాడు. ఏ ఫైల్లో, ఏ పంక్తిలో ఆ మాట ఉందో చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. 1970ల మొదట్లో థాంప్సన్ రాశాడు. దాని వెనక ఒక కథ ఉంది. 18వ శతాబ్దపు చివర్లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్టు వ్యాసాలు కొన్నిటిని ఎవరు రాశారో తేల్చాలని లీ మెక్‌మహన్ అనే సహోద్యోగి ఆ వ్యాసాల్లో మాటలు వెతకబోయాడు. అప్పటి ఎడిటర్ ప్రోగ్రాముకు అంత పెద్ద పాఠం పట్టలేదు. అందుకని వెతికే భాగాన్ని మాత్రం విడదీసి వేరే పనిముట్టుగా చేశారు. అదే గ్రెప్.

రెండోది సెడ్. దీన్ని ఆ మెక్‌మహనే రాశాడు. ఇది దిద్దేవాడు. మన డెల్టావాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఫైల్లోని పంక్తులు కాలువలో నీళ్ళలా ఒకదాని వెనక ఒకటి పారుతుంటాయి. లాకు దగ్గర నిలబడ్డ మనిషిలా సెడ్ ప్రతి పంక్తినీ చూస్తుంది. మనం చెప్పిన మాట కనబడితే తీసేసి కొత్త మాట పెట్టి దిగువకు వదులుతుంది. దానికి పాత మాట, కొత్త మాట, రెంటి మధ్యా ఏటవాలు గీతలు, అంతే చెప్పవలసింది. ఆ మాట అర్థం ఏమిటో దానికి తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు.

ఇక నా తప్పు సంగతి. 1994లో మా ఆఫీసులో జీతాల లెక్కలు, బిల్లులు అన్నీ కోబాల్ ప్రోగ్రాములతో తయారయ్యేవి. నెలనెలా కోసుకునే ఒక చందా 20 రూపాయల నుంచి 30 అయింది. మంచి పద్ధతిలో రాసిన ప్రోగ్రాములయితే ఆ మొత్తం ఒక్కచోట ఉండి, మిగతావి అక్కణ్ణుంచి తీసుకునేవి. మావి అలా లేవు. ఎవరికి తోచినచోట వాళ్ళు 20 అని నేరుగా రాసేశారు. ఒక్కొక్క ఫైలూ తెరిచి మార్చుకుంటూ పోతే వారం పడుతుంది. నేను అప్పటికి కొత్తగా షెల్ స్క్రిప్టులు నేర్చుకున్నాను. నేర్చిన విద్య చూపించాలన్న ఉబలాటం.

నాలుగు పంక్తుల స్క్రిప్టు రాశాను. ప్రతి ఫైలునూ వరసగా తీసుకో. సెడ్ చేత 20 ఉన్నచోటల్లా 30 చేయించు. వచ్చినదాన్ని తాత్కాలిక ఫైల్లో పెట్టు. తరవాత దాన్నే పాత ఫైలు స్థానంలోకి తెచ్చెయ్యి. మీట నొక్కి, లేచి కాఫీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. వారం పని పది నిమిషాల్లో చేశానని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

పెద్దలారా, పెన్షన్ల పద్దు నెంబరు 2071 అని ఈ సభలో తెలియనివారెవరు? ఆ 2071లో మొదటి రెండంకెలు ఏమిటి? 20. నా సెడ్ దాన్ని 3071 చేసింది. దానికి చందా 20 వేరు, పద్దు నెంబరులోని 20 వేరు అని ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

జీతాల బిల్లుల పద్దు వేరు కాబట్టి అవి సజావుగానే వెళ్ళాయి. రిటైరైనవారికీ, సర్వీసులో ఉండగా పోయినవారి కుటుంబాలకూ తాత్కాలికంగా ఇచ్చే పెన్షను బిల్లులు మాత్రం లేని పద్దుతో వెళ్ళి, అభ్యంతరం రాయించుకుని తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి మా ఆఫీసులోనే పనిచేసి చనిపోయిన ఒక అటెండరు భార్యది. ఆవిడ దివిసీమ లోపలి పల్లె నుంచి బస్సులు మారి బందరు రావాలి. మొదటిసారి వస్తే "బిల్లు వెళ్ళిందమ్మా" అన్నాం. రెండోసారి వస్తే "తిరిగొచ్చింది, మళ్ళీ పంపుతున్నాం" అన్నాం. మళ్ళీ అదే ప్రోగ్రాముతో తయారుచేసి పంపాం, మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ నా బల్ల దగ్గర నిలబడి, "బాబూ, ఆయన కాగితాల్లో ఏమన్నా తప్పుందా? ఉంటే చెప్పు, మావాళ్ళ చేత రాయించుకొస్తాను" అంది. తప్పు ఆయన కాగితాల్లో ఉందేమోనని రెండు నెలలుగా భయపడుతోంది. తప్పు నా స్క్రిప్టులో ఉంది.

ఆ సాయంత్రం గ్రెప్‌తో వెతికితే 3071 కనబడింది. ఒళ్ళు చల్లబడింది. వెంటనే తోచిన ఉపాయం, అదే స్క్రిప్టును తిరగేసి 30ని 20 చేస్తే సరిపోతుందని. మీట మీద వేలు పెట్టాను కూడా. అప్పటికి మా సూపరింటెండెంటుగారు పెద్ద హోదాలో, రిటైరుమెంటుకు దగ్గరలో ఉన్నారు. కంప్యూటరు ఆయనకు బొత్తిగా తెలియదు. వెనక నిలబడి ఒకే ప్రశ్న వేశారు. "మొదటినుంచీ ముప్ఫైగా ఉన్నవి లేవా?"

ఉన్నాయి. నెలకు 30 రోజులు అన్న లెక్క ఎన్నో ప్రోగ్రాముల్లో ఉంది. నేను ఆ మీట నొక్కి ఉంటే ఆ నెల జీతాలు 20 రోజుల నెలకు లెక్క కట్టేవి. ఏ 30 కొత్తగా వచ్చింది, ఏది పాతది అన్నది ఇక ఫైలు చూసి చెప్పలేం. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన నెమ్మదిగా అన్నారు: "పాత అంకె కనబడేలా కొట్టమని చెప్పాను కదయ్యా."

చెప్పారు. కాగితం మీద ఇరవై రెండేళ్ళు ఆ నియమం తప్పలేదు. కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి అది కాగితాలకే అనుకున్నాను. నకలు కూడా తీసుకోలేదు. అదృష్టం బాగుండి, వెనకటి సంవత్సరం అచ్చుతీసిన ప్రోగ్రాముల కట్ట ఒకటి అటక మీద దొరికింది. నాలుగు రాత్రులు కూర్చుని పంక్తి పంక్తి పోల్చి సరిచేశాను. మర్నాడే బిల్లు సరైన పద్దుతో వెళ్ళింది. ఆవిడకు డబ్బు అందింది. తప్పు నాదని ఆవిడకు చెప్పాను. "పోనీలే బాబూ, ఆయనది కాదు కదా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పటినుంచి ఈ పనికి ఒక వరస పెట్టుకున్నాను. మీ పిల్లలకు చెప్పండి, వాళ్ళకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పండి.

మొదటిది, ముందు వెతకాలి. గ్రెప్ ఇచ్చిన జాబితాను అచ్చుతీసి, ప్రతి పంక్తీ కళ్ళతో చదవాలి. ఇది వట్టి 20యా, పెద్ద సంఖ్యలో ముక్కా అని చూడాలి. సెడ్‌కు "ముందూ వెనకా వేరే అంకె లేని 20 మాత్రమే" అని చెప్పే పద్ధతి ఉంది. ఆ ఒక్క షరతు పెట్టి ఉంటే 2071 బతికేది.

రెండోది, నకలు. మొత్తం డైరెక్టరీకి ప్రతి తీసి వేరే టేపు మీదో, వేరే యంత్రం మీదో పెట్టాలి. ఉప్పెన పాఠం ఇదే. ఇక్కడ ఇంకో గుంట ఉంది, చాలామంది పడ్డారు. సెడ్ నుంచి వచ్చేదాన్ని అదే ఫైలు పేరుకు మళ్ళిస్తే, చదవడం మొదలుకాకముందే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసేస్తుంది. చెరువులో నీళ్ళు తోడి అదే చెరువు నింపుదామనుకుంటే, ముందు చెరువు ఎండగట్టినట్టు.

మూడోది, ఒక్క ఫైలు మీద చేసి చూడాలి. మన చిలకలపూడి రోల్డ్‌గోల్డుకు పేరుపొందిన ఊరు. ఒక్క గాజు మీద పూత సరిగా పట్టిందో లేదో చూసుకోకుండా ఎవరైనా వంద గాజులకు పూత వేస్తారా?

నాలుగోది, పోల్చాలి. డిఫ్ అని ఒక ఆదేశం ఉంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న పంక్తులు మాత్రం చూపిస్తుంది. ఆ తేడాల జాబితా దాచిపెట్టి, దానిపై ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు ప్రకారం చేశారో రాసుకోవాలి. మన కొట్టివేత, పొట్టి సంతకం ఇక్కడికి వచ్చాయన్నమాట.

ఐదోది, లెక్క. వెతికినప్పుడు ఎన్ని దొరికాయి, ఎన్ని మార్చాం, ఎన్నిటిని కావాలని వదిలాం? ఈ మూడూ కలవాలి. రోజు చివర నగదు పుస్తకం కలిసినట్టు కలవాలి.

ఇప్పటిదాకా మార్చకూడనిది మారిపోవడం గురించి చెప్పాను. మారవలసినది మిగిలిపోవడం రెండో ప్రమాదం. మన ఊరి పేరే తీసుకోండి. మచిలీపట్నం అని ఒకరు రాస్తారు, మచిలీపట్టణం అని మరొకరు, బందరు అని ఇంకొకరు. పాత కాగితాల్లో మసూలిపటం అనీ, మసూలా అనీ ఉంటుంది. మచిలీపట్నం ఒక్కటే వెతికితే మిగతావారంతా మనకు లేనట్టే. 2000 సంవత్సరం సమస్య వచ్చినప్పుడు ప్రపంచమంతా పడిన తిప్పలు ఇవే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే ఉంచారు. 00 అంటే 1900 అనుకునే ప్రమాదం వచ్చింది. మనవైపు కుర్రాళ్ళు ఎందరో హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఆ పనిమీదే అమెరికా వెళ్ళారు. అక్కడ దిద్దడం కన్నా వెతకడమే కష్టమయింది. తేదీని ఏ ప్రోగ్రాములో ఏ పేరుతో దాచారో రాసినవాడికి తప్ప తెలియదు, రాసినవాడు ఎప్పుడో రిటైరయ్యాడు.

మన సంఘంలోనే ఈ మధ్య ఈ విద్య రెండుసార్లు అవసరపడింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మన మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ పేరు పోయినందుకు మనలో కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. ఏడాది తరవాత పాత ఐ.ఎఫ్.ఎస్. కోడ్లు చెల్లకుండా పోయాయి. మన సహాయ నిధి జాబితాలు ఊరికొక ఫైలుగా నా దగ్గర కంప్యూటరులో ఉన్నాయి. ముందున్న నాలుగు అక్షరాలు మార్చితే చాలదా అని ఒక మిత్రుడు అడిగారు. చాలదు. వెనక అంకెలూ మారాయి. అందుకని పాత కోడుకు ఎదురుగా కొత్త కోడు రాసిన పట్టిక ఒకటి చేసుకుని, స్క్రిప్టు చేత దాని ప్రకారం మార్పించాను. లెక్క చూస్తే ముగ్గురు తక్కువ! వెతికితే తేలిందేమిటంటే, ఆ కోడులో ఐదో స్థానంలో ఉండేది సున్నా. ఆ ముగ్గురికీ సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం టైపు చేశారు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి కావు. లెక్క కలపకపోతే ఆ ముగ్గురి కుటుంబాలకూ ఏ కష్టకాలంలోనో డబ్బు తిరిగొచ్చేది.

రెండోసారి 2022 ఏప్రిల్ 4న. రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. అంటే ఒకే పాత మాటకు మూడు జవాబులు. ఊరు చూసి జిల్లా మార్చాలి. తొందరపడి "కృష్ణా" అన్నది కనబడినచోటల్లా మార్చేస్తే ఏమవుతుంది? మన సంఘంలో కృష్ణారావుగార్లు ఎంతమంది ఉన్నారు? ఒక్క రాత్రిలో అందరూ ఎన్.టి.ఆర్. రావుగార్లయిపోయేవారు! మీరు నవ్వుతున్నారు. కానీ పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే పెన్షను ఆగిపోయి, అఫిడవిట్లు పట్టుకుని తిరిగినవారు ఈ సభలోనే ఉన్నారు. వారికి ఇది నవ్వులాట కాదు.

మొన్న దసరాకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఈ కథంతా చెబితే, "తాతయ్యా, ఇప్పుడు మేం గిట్ వాడతాం, ఆ భయం లేదు" అని తన కంప్యూటరు తెరిచి చూపించింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన పద్ధతి అది. మార్చిన ప్రతి పంక్తికీ పాతది తీసివేత గుర్తుతో, కొత్తది కూడిక గుర్తుతో కనబడుతున్నాయి. పైన చేసినవారి పేరు, తేదీ, ఎందుకు చేశారో ఒక వాక్యం. నేను కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. మా సూపరింటెండెంటుగారు ఉండి ఉంటే బాగుండుననిపించింది. 1972లో ఆయన ఎర్ర సిరాతో నేర్పింది అదే కదా!

"మరి ఆ కారణం దగ్గర ఏం రాస్తారమ్మా?" అని అడిగాను. "తొందరలో ఉంటే 'మార్పులు' అని రాసేస్తాం తాతయ్యా" అంది. నేను ఆ అటెండరు భార్య సంగతి మళ్ళీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇకనుంచి సరిగ్గా రాస్తాను" అంది.

కాబట్టి నేను చెప్పవచ్చిందల్లా ఇంతే. మీ పిల్లలు, మనవలు కంప్యూటరు దగ్గర ఒక్క మీటతో వెయ్యి ఫైళ్ళు మారుస్తున్నామని చెబితే సంతోషించండి. తరవాత ఆ సూపరింటెండెంటుగారి తరఫున మూడు ప్రశ్నలు అడగండి. ముందు వెతికి చూశావా? నకలు వేరే చోట ఉందా? పాత అంకె కనబడుతోందా? ఈ ప్రశ్నలు అడగడానికి కంప్యూటరు రానక్కరలేదు. మన సర్వీసు చాలు. ఆ ఫైళ్ళ అవతల ఎక్కడో, తప్పు తనదేమోనని భయపడుతూ ఎవరో ఒకరు బస్సు కోసం నిలబడి ఉంటారని వాళ్ళకు గుర్తుచేయవలసింది మనమే.